మోడా మీదికి రాని గొంతు

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నాకు రాయడం రాదు. ఇక్కడ బెంగాల్లోనే, రైల్వే వాళ్ళ తెలుగు బడిలో నాలుగో తరగతి పాసయ్యాను. ఐదులో ఉండగా మా అమ్మకి జబ్బు చేస్తే బడి మానేశాను. అప్పటినుంచి నేను రాసినవల్లా ఊరికి ఉత్తరాలే. ఏ 'శ' ఎక్కడ రాయాలో ఇప్పటికీ భయమే. ఒత్తులు కొన్నిచోట్ల ఎక్కువ పడతాయి, కొన్నిచోట్ల అసలు పడవు. మన తెలుగు సంఘం వాళ్ళు ఈ ఏడాది వేసే పుస్తకంలో, పోయినవాళ్ళ గురించి తెలిసినవాళ్ళు నాలుగు మాటలు రాసివ్వమన్నారు. మిస్త్రీ మావయ్య గురించి ఎవరైనా రాస్తారేమో అని చూశాను. ఎవరూ రాయలేదు. మా ఆయన్ని రాయమంటే, "నాకేటి తెలుసు, నువ్వు రాసీ" అని చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అందుకని నేనే కూర్చున్నాను. చదువుకున్నవాళ్ళు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకున్నా పరవాలేదు, చివరిదాకా చదవండి.

మావయ్యని పాతిపెట్టిన రోజున శ్మశానం గేటు దగ్గర ఎవరో అన్నారు, "మంచి మనిషే గానీ ఆఖర్న మిషను పిచ్చి పట్టింది, పాపం" అని. ఆ మాట నాకు గుచ్చుకుంది. అది పిచ్చి కాదు. అదేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన మా రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ షాపు మిస్త్రీ. అంటే ఒక గేంగుకి పెద్ద, మా ఆయన కూడా ఆ గేంగులోనే. అందరూ మిస్త్రీ అనే పిలిచేవారు. నేను మిస్త్రీ మావయ్య అనేదాన్ని. ఆయన వరసకి మావయ్య కాదు, కులానికీ మతానికీ కూడా కాదు. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు, మేము గుడికి. కానీ రెండు క్వార్టర్లకీ నడుమ ఒకటే గోడ. మా వైపు మేకు కొడితే వాళ్ళ వైపు సున్నం రాలేది. వాళ్ళ ఇంట్లో అత్త, అంటే మావయ్య భార్య, కీర్తన ఎత్తుకుంటే మా ఇంట్లో పప్పు ఉడికేది. అలాంటి గోడ.

మావయ్య పొట్టి మనిషి. మెడ కనబడేది కాదు. గొంతు మాత్రం క్వార్టర్ల లైను చివరిదాకా వినబడేది. రహస్యం చెప్పినా అరిచినట్టే ఉండేది. ఒకసారి నాతో, "అమ్మీ, మా ఇంటావిడికి సెప్పకు, నాను మీ ఇంట్లో సేపల పులుసు తిన్నానని" అన్నాడు. గోడ అవతలినుంచి అత్త, "ఇంటన్నాను, ఇంటన్నాను!" అంది. ఆ మాట ఆయనకి వినబడలేదు. నేను నవ్వుతుంటే, "ఎందుకు నవ్వుతన్నావు?" అని అడిగాడు.

ఇంకొక అలవాటు ఉండేది. ఎవరితో నడిచినా ఆయన ఎడమ పక్కన ఉండాలి, అవతలివాళ్ళు కుడి పక్కకి రావాలి. "ఇటు రా అమ్మీ, ఇటు" అని చెయ్యి పట్టుకుని మరీ తిప్పేవాడు. నేను మొదట్లో ఇది పెద్దరికం అనుకున్నాను. తర్వాత చూస్తే ఆ గేంగులో మగవాళ్ళందరూ అంతే. ఇద్దరు కలిసి బజారుకి బయల్దేరితే ఇద్దరూ ఎడమకే జరుగుతూ జరుగుతూ పక్క కాలవలోకి వెళ్ళేవాళ్ళు. మావయ్య ఉంటే పెద్దవాడని ఎడమ పక్క ఆయనకి వదిలేసేవారు. చర్చిలో కూడా మగవాళ్ళ బెంచీల్లో ఎడమ చివర, గోడకి ఆనుకుని కూర్చునేవాడట.

బాయిలర్ షాపులో మాటలు పనికిరావు. ఇనుప రేకుల్లో రివిట్లు కొడుతుంటే పక్కవాడి అరుపు కూడా వినబడదు. అందుకని వాళ్ళకి చేతిభాష ఉంది. నెత్తిమీద అరచెయ్యి పెడితే సాహెబు వస్తున్నాడని. బొటనవేలు నోటి దగ్గర పెడితే టీ. రెండు రేకులూ సమంగా కలిశాయంటే రెండు అరచేతులూ పక్కపక్కన చాపి చూపిస్తారు. గాలితో కొట్టే హేమరు ఆపాలంటే గుప్పిట మూసి గాల్లో ఒకసారి తిప్పుతారు. దాన్ని 'గాలి కట్టెయ్' అంటారు. మావయ్య ఈ భాష ఇంటికి కూడా తెచ్చేశాడు. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం బాగా సాగిపోతే, మగవాళ్ళ వైపునుంచి అత్తకి గుప్పిట మూసి తిప్పి చూపించేవాడట, గాలి కట్టెయ్ అని. అత్త తల వంచుకుని పాటల పుస్తకంలో మొహం దాచుకునేదట. ఆ సంగతి చెప్పినప్పుడు కూడా అత్త కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది.

అత్త మాట్లాడితే పక్కవాళ్ళకి వినబడదు. పాడితే మాత్రం గొంతు ఎక్కడినుంచి వచ్చేదో. సాయంత్రం పూట మోడా మీద కూర్చుని బియ్యం ఏరుతూ పాడేది. మోడా అంటే మన బెంగాల్లో అమ్మే వెదురు పీట, నడుం సన్నంగా డమరుకంలా ఉంటుంది. మావయ్య ఎదురుగా నేలమీద చాప వేసుకుని కూర్చునేవాడు. "కొంచెం గట్టిగా పాడు" అనేవాడు. "ఇంకెంత గట్టిగా, గేటుమేన్ ఇంటాడు" అనేది అత్త.

చర్చి తరఫున ఒకసారి కలకత్తా నుంచి మనుషులు వచ్చి పాటలు పట్టుకున్నారు. అందులో అత్త ఒక్కతే పాడిన కీర్తన ఒకటి రికార్డుగా వచ్చింది. ఒకటి వీళ్ళకిచ్చారు. ఇంట్లో వాయించడానికి మిషను లేదు. పండగలకి పాస్టరుగారింట్లో పెడితే వెళ్ళి వినేవాళ్ళు. రికార్డుని మాత్రం ఇంట్లో గోనెగుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో బట్టల మీద ఉంచేవారు.

అత్త పోయింది. ఎలా పోయిందో రాయను, రైల్వే ఆసుపత్రిలో పోయింది. పిల్లలు లేరు. ఆ తర్వాత సాయంత్రం పూట గోడ అవతల చప్పుడు లేదు. మావయ్య చాప మీద కూర్చుని ఖాళీ మోడా వైపు చూస్తుండేవాడు. నేను కూర పట్టుకెళితే, "అక్కడ పెట్టు" అనేవాడు. అంతే.

ఆయన రిటైరయ్యే రోజు దగ్గరికొచ్చింది. మన షాపుల్లో రిటైరయినవాళ్ళకి గోడ గడియారమో గొడుగో శాలువానో ఇస్తారు కదా. మా ఇంటి అరుగు మీద గేంగు వాళ్ళు మాట్లాడుకున్నారు. అందులో అప్పలనర్సు అని ఒకడున్నాడు, మా ఆయన జోడీ, నోరు ఊరుకోదు.

"గడియారం ఎందుకురా? సైరను కొట్టకముందే లెగిసే మనిసికి గడియారం ఇస్తే, గడియారానికే అవమానం" అన్నాడు.

"మరేటి ఇద్దాం?" అన్నాడు మా ఆయన.

"అత్త పాట ఇద్దాం. పాట ఉంది, వాయించే మిషనే లేదు."

అందరికీ నచ్చింది. అందరూ చందాలేసుకుని గోల్‌బజారులో ఒక దుకాణంలో మిషను కొన్నారు. ఎవరో ఆఫీసరు బదిలీ మీద వెళ్తూ అమ్మేసిన మిషను అది. స్టీరియో. దానికి రెండు పెట్టెలు. ఒకటి అటు, ఒకటి ఇటు పెట్టుకోవాలి. దుకాణం దాదా, అంటే ఆ బెంగాలీ అన్న, వీళ్ళకి చెప్పాడట, కొత్త రికార్డుల్లో ఒక్కో పెట్టెకి ఒక్కో రకం చప్పుడు వెళ్తుంది, పాత మోనో రికార్డు అయితే రెండింటికీ ఒకటే వెళ్తుంది అని. "రెండు పెట్టెలూ సమానంగా పెట్టి నడుమ ఎదురుగా కూర్చోండి. గొంతు పెట్టెల్లోంచి రాదు. సరిగ్గా మధ్యలోంచి వస్తుంది. మనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది" అన్నాడట.

రిటైరయిన రోజున మిషను ఇంటికి చేర్చి, ఆ మాట మా ఆయన మావయ్యకి చెప్పాడు. మావయ్య మళ్ళీ అడిగాడు. "ఏటన్నాడు? మనిసి వొచ్చి కూకున్నట్టా?"

"అలగే అన్నాడు మిస్త్రీ."

మావయ్య లేచి మోడాని దులిపి గోడ దగ్గర పెట్టాడు. దానికి అటొక పెట్టె, ఇటొక పెట్టె. సుద్దముక్కతో నేలమీద గీతలు గీసి, తాడుతో కొలిచి, రెండు వైపులా సమంగా ఉందో లేదో చూశాడు. ఎదురుగా చాప వేశాడు. ఆ ఆదివారం చర్చినుంచి రాగానే పాట పెట్టాలని అనుకున్నారు. గేంగంతా వచ్చింది. నేను టీ పట్టుకెళ్ళి మోడాకి ఎదురుగా ఉన్న గుమ్మంలో నిలబడ్డాను.

రికార్డు మీద ముల్లు పెట్టారు. కాసేపు గరగర. తర్వాత అత్త.

ఏమని రాయను. చచ్చిపోయిన మనిషి ఊపిరి తీసుకోవడం వినబడింది.  నాకైతే ఆ గొంతు మోడా మీదినుంచే వచ్చింది. సరిగ్గా ఆవిడ నోరు ఉండే ఎత్తులో.

మావయ్య మొహం చూశాను. ముందు వెలిగింది. తర్వాత తల మెల్లిగా పక్కకి తిరిగింది. మోడాని దాటి, కుడి పక్క పెట్టె వైపు.

"ఏటిరా, ఇది కుడిపక్కనుండి వస్తంది?"

అప్పలనర్సు తల వంచి విన్నాడు. "అవును గురూ, కుడిపక్కే. ఎడమ పెట్టి మూగదిరా!"

"నాకూ కుడిపక్కే" అన్నాడు మా ఆయన. మిగిలినవాళ్ళూ అదే అన్నారు. ఒక్కరు కూడా వేరే మాట అనలేదు.

నేనుండబట్టలేక, "నాకు నడిమినుండే వస్తంది మావయ్యా, మోడా మీంచి" అన్నాను.

"వదినా, నీకు టీలో పంచదార కూడా నడిమినే తేల్తాది, అడుక్కి దిగదు" అన్నాడు అప్పలనర్సు. అందరూ ఘొల్లుమన్నారు. మా ఆయన నన్ను చూసి లోపలికి పొమ్మని సైగ చేశాడు. మగవాళ్ళందరూ ఒకటే చెబుతుంటే నేనేమనగలను? నా చెవే సరిగ్గా లేదేమో అనుకున్నాను.

ఆనాటినుంచి ఆదివారం వచ్చిందంటే ఆ ఇంట్లో రిపేరు. వాళ్ళు ఇంజన్లు విప్పి బిగించే మనుషులు. ఊరుకుంటారా? మిషను మీద ఒక బిళ్ళ ఉంది, అటు తిప్పితే ఎడమ పెట్టె, ఇటు తిప్పితే కుడి పెట్టె గట్టిగా మోగుతుంది. దాన్ని పూర్తిగా ఎడమకి తిప్పారు. "సన్నబడింది గానీ కుడినుండే వస్తంది" అన్నారు. బిళ్ళ చెడిపోయింది అన్నారు. ముల్లు ఒక పక్కకి వాలిందన్నారు. బల్ల ఒరిగిందని షాపునుంచి నీటిబుడగ ఉండే లెవెల్ తెచ్చి బల్ల కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టారు. కుడి గోడ గుల్లగా ఉంది, అది మోగుతోంది అని అప్పలనర్సు అంటే గోడకి గోనెసంచులు వేలాడదీశారు. ఆ ఇల్లు వడ్ల కొట్టులా అయింది.

ఒక ఆదివారం మావయ్య రెండు పెట్టెలనీ తారుమారు చేశాడు. అటుది ఇటు, ఇటుది అటు. పాట మళ్ళీ కుడినుంచే వచ్చింది. తర్వాత పెట్టెల్ని అలాగే ఉంచి వైర్లు మార్చాడు. మళ్ళీ కుడినుంచే.

ఆయన చాప మీద కూలబడ్డాడు. "పెట్టి తప్పయితే పెట్టితో అటు ఎల్లాల. ఎల్లలేదు. వైరు తప్పయితే వైరుతో ఎల్లాల. ఎల్లలేదు. మరి తప్పు ఎక్కడున్నట్టురా?"

అందరూ మళ్ళీ వైర్లే తడుముతున్నారు. అప్పలనర్సు మాత్రం, "ఆ దాదా దగ్గరున్నట్టు! మనకి సెడ్డ సరుకు అంటగట్టినాడు" అన్నాడు.

వాళ్ళకి అది పరువు. మిస్త్రీకి ఇచ్చిన బహుమానం మొదటిరోజే చెడిపోయిందంటే షాపులో తల ఎత్తుకోలేరు. మిషనుని రిక్షాలో పెట్టుకుని గోల్‌బజారు వెళ్ళారు. ఆ గొడవంతా సాయంత్రం మా ఆయన నాకు చెప్పాడు, ఏదో యుద్ధం గెలిచినట్టు. దుకాణం దాదా పాట పెట్టి విన్నాడట. "ఏక్‌దం మాఝ్‌ఖానే! సరిగ్గా మధ్యలోనే ఉంది కదా" అన్నాడట.

"నేరుగా మొహం మీదే అబద్దం ఆడినాడే!" అన్నాడు మా ఆయన. "అప్పుడు నర్సుగాడు ఏటన్నాడో తెలుసా? 'దాదా, హమ్ సబ్‌కా కాన్ ఝూటా, ఆప్‌కా ఏక్ కాన్ సచ్చా?' అన్నాడు. మా అందరి చెవులూ అబద్దం, నీ ఒక్కడి చెవీ నిజమా అని!"

దాదా పాపం, ఇంతమంది బాయిలర్ షాపు వాళ్ళతో ఏం గొడవ పడతాడు? మిషను విప్పి, దుమ్ము తుడిచి, మళ్ళీ బిగించి ఇచ్చాడు. "ఠీక్ కర్ దియా", బాగుచేసేశాను అన్నాడట. ఇంటికి తెచ్చి పెడితే మళ్ళీ కుడి పక్కే.

మీకిదంతా నవ్వులాటగా ఉండొచ్చు. నాకూ అప్పటిదాకా నవ్వులాటే. కానీ మావయ్య నవ్వడం మానేశాడు. వారం మధ్యలో కూడా ఒక్కడే పాట పెట్టుకునేవాడు. రోజురోజుకీ గట్టిగా పెట్టేవాడు. గోడ ఇవతల నా వంటింట్లో డబ్బాలు అదిరేవి.

ఒక మధ్యాహ్నం కొంచెం బెండకాయ పులుసు గిన్నెలో పోసి పట్టుకెళ్ళాను. పాట నడుస్తోంది. ఆయన చాప మీద మోడాకి ఎదురుగా ఉన్నాడు. నా నీడ పడితే చూశాడు. "అమ్మీ, ఒకసారి ఇటు రా. నిజం సెప్పు. ఎవరికీ బయిపడకు. ఆ గొంతు ఎక్కడుంది? సెయ్యెట్టి సూపించు."

నేను వెళ్ళి మోడా మీద, గాల్లో, అత్త నోరు ఉండేచోట చెయ్యి పెట్టాను.

"అక్కడే?"

"ఇక్కడే మావయ్యా. మొదటి రోజునుండీ ఇక్కడే."

గిన్నెతో మళ్ళీ గుమ్మం వైపు వచ్చాను. ఆయన గిన్నె అందుకుందామని లేచి నా వైపు వచ్చి, మిషనుకి వీపు పెట్టి నిలబడ్డాడు. గిన్నె చేతుల్లోకి తీసుకున్నాడు. అలాగే ఆగిపోయాడు. పులుసు వేళ్ళ మీదికి ఒలికినా చూసుకోలేదు.

"అటెల్లిపోనాది" అన్నాడు.

"ఏటి మావయ్యా?"

"పాట. ఆ పక్కకి ఎల్లిపోనాది. ఎడమ పెట్టికి."

గిన్నె కింద పెట్టి మిషను వైపు తిరిగాడు. "ఇప్పుడు ఈ పక్కకి వొచ్చింది." మళ్ళీ వెనక్కి తిరిగాడు. మళ్ళీ ముందుకి. చిన్నపిల్లాడు గుండ్రంగా తిరిగినట్టు గది నడుమ తిరిగాడు. నాకు భయం వేసింది. తర్వాత ఆగి నన్ను చూసి మెల్లిగా అన్నాడు. ఆయన మెల్లిగా మాట్లాడటం నేను విన్నది అదొక్కసారే.

"అమ్మీ, ఇది నాతోపాటే తిరుగుతంది."

అప్పుడు కుడి చెవిలో వేలు పెట్టుకున్నాడు. పాట గట్టిగా మోగుతోంది, గోడమీద సంచులు కదులుతున్నాయి. ఆయన మొహంలో ఏమీ లేదు. వేలు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. తీశాడు.

"ఒక్క ఏలుతో ఆవిడి నోరు మూసీసినాను" అన్నాడు.

కూర్చుని ఆయనే చెప్పాడు. హేమరు పట్టేటప్పుడు కుడి చేత్తో పట్టుకుని ఎడమ భుజం రేకుకి ఆనిస్తారు. ఎడమ చెవి రేకు పక్కనే ఉంటుంది. గేంగులో అందరూ కుడిచేతివాళ్ళే, అందరూ ఒకేలాగ నిలబడతారు. "రేకు మాటాడితే మనిసి ఊరుకోవాల అని నానే నేర్పినాను ఆళ్ళకి" అన్నాడు. షాపులో ఎవరూ చెవి సంగతి ఎత్తరు. సాహెబుకి తెలిస్తే గేంగులోంచి తీసేసి ఎక్కడో గేటు దగ్గర కూర్చోబెడతారని భయం. ఎత్తక ఎత్తక, తమకి తామే మరిచిపోయారు. ఎవరి ఎడమ పక్క ఎవరు నడవాలి అన్న దెబ్బలాట ఒక్కటే మిగిలింది.

"మరి ఆళ్ళకి సెప్పీమంటావా? ఊరికే మిషను విప్పుతన్నారు కదా" అన్నాను.

"వొద్దు!" అని అరిచాడు. మళ్ళీ గొంతు మామూలుగా అయిపోయింది. "ఆళ్ళు ఇంకా పన్లో ఉన్నారు. మిషను సెడ్డదనే అనుకోనీ. మిషనయితే ఎప్పటికయినా బాగవుద్దన్న ఆశ ఉంటాది."

కొంచెం ఆగి, "ఈ కుడిది కూడా పల్చబడతంది అమ్మీ. బేగి ఆవిడిని నడిమిన కూకోబెట్టి ఒక్కసారి ఇందామనుకున్నాను. ఇంక అవదు" అన్నాడు.

నేను పాస్టరుగారికి చెబుదామా, ఆసుపత్రికి వెళదామా అన్నాను. ఆయన గుప్పిట మూసి గాల్లో తిప్పాడు. గాలి కట్టెయ్. మిషను ఆపమంటున్నాడో, నన్ను నోరు మూసుకోమంటున్నాడో తెలియలేదు. రెండూ చేశాను.

తర్వాత కూడా ఆదివారాలు అలాగే నడిచాయి. గేంగు వచ్చేది, విప్పేది, బిగించేది. మావయ్య చాప మీద కూర్చుని, "ఇంకా కుడిపక్కే ఉందిరా" అనేవాడు. "ఈసారి పట్టీస్తాం గురూ" అనేవారు వాళ్ళు. ఆయన నా వైపు చూసేవాడు కాదు. నేను టీ ఇచ్చి వచ్చేసేదాన్ని. ఊళ్ళో వాళ్ళు మిషను పిచ్చి అన్నది దీన్నే. ఆయన పిచ్చితో చేయలేదు. వాళ్ళ కోసం చేశాడు.

వానలు వెళ్ళాక ఒక పొద్దున నేను వాకిలి కడుగుతుంటే మావయ్య బయటికి వచ్చాడు. "మీ ఆయనికి సెప్పు. మిషను సరైపోయింది" అన్నాడు.

"సరైపోయిందా? ఎలాగ?" అన్నాను. ఆయన నా నోటి వైపే చూస్తున్నాడు. నేను కుడి పక్కకి వెళ్ళి, చెవి దగ్గర మళ్ళీ అడిగాను. అప్పుడూ నోటి వైపే చూశాడు.

"రెండు పక్కలా ఒకటే" అని, రెండు అరచేతులూ పక్కపక్కన చాపి చూపించాడు. రేకులు సమంగా కలిశాయి అన్న సైగ.

ఆ ఆదివారం అప్పలనర్సు మట్టికుండలో రసగుల్లాలు తెచ్చాడు. "సూసేవా గురూ, ఆఖరికి మేం ఏసిన సెక్కముక్కే పన్సేసింది!" అన్నాడు. అందరూ కూర్చున్నారు. పాట పెట్టారు. అత్త ఊపిరి తీసుకుంది. మావయ్య మోడా వైపు చూస్తూ అరచేతులు రెండూ చాపాడు.

 వాళ్ళందరికీ పాట ఎక్కడినుంచి వస్తోందో నాకు తెలుసు. మా ఆయన కళ్ళు కుడి గోడ మీదికి వెళ్ళి, మళ్ళీ మోడా మీదికి వచ్చాయి. అప్పలనర్సు రసగుల్లాల కుండని పక్కకి జరిపాడు.

"అవును గురూ, నడిమికొచ్చింది" అన్నాడు.

"వొచ్చింది, వొచ్చింది" అన్నారు అందరూ.

పాట అయిపోయింది. ముల్లు చివర గరగరమని గీస్తోంది. మావయ్య ఇంకా మోడానే చూస్తూ, తాళానికన్నట్టు వేలు మోకాలి మీద మెల్లిగా కొట్టుకుంటున్నాడు. మేమందరం చూస్తున్నాం.  ఆఖరికి నేనే ముందుకి వెళ్ళి, ఆయనకి కనబడేలా గుప్పిట మూసి గాల్లో తిప్పాను. ఆయన చూశాడు. వేలు ఆగిపోయింది. లేచి ముల్లు ఎత్తాడు.

 రసగుల్లాలు పంచుకుని తిన్నారు. వెళ్ళేటప్పుడు దారిలో ఎవరూ ఎడమ పక్క కోసం దెబ్బలాడుకోలేదు. ఒకరి వెనక ఒకరు వెళ్ళారు.

ఇంటికొచ్చాక మా ఆయన మంచం మీద కూర్చున్నాడు. కుడి చెవిలో వేలు పెట్టుకున్నాడు.

"ఏటైనా మాటాడు" అన్నాడు.

మాట్లాడాను.

నా నోటి వైపు చూశాడు. "మాటాడేవా?"

నేను తల ఊపాను. వేలు తీశాడు. "ఏటన్నావు?"

"అన్నం వడ్డించమంటావా అన్నాను."

"వడ్డించు" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు. మర్నాడు సైరను మోగగానే ఎప్పటిలాగే పనికి వెళ్ళాడు. వెళ్ళక ఏం చేస్తాడు?

మావయ్య ఆ చలికాలం దాటలేదు. ఉన్నన్నాళ్ళూ ఆదివారం పాట మాత్రం పెట్టించుకునేవాడు. నేను ఎదురుగా నిలబడి, మొదలైనప్పుడు ఒక సైగ, అయిపోయినప్పుడు ఒక సైగ చేసేదాన్ని. నడుమ ఆయన ఏం విన్నాడో, ఏమైనా విన్నాడో లేదో నాకు తెలియదు. మోడా మా ఇంటికి వచ్చింది. దానిమీద కూర్చునే నేను బియ్యం ఏరుతున్నాను. నాకు పాడటం రాదు.

ఇంతే నేను రాయగలిగింది. ఈ పుస్తకం ఇచ్చే రోజున సభలో కొన్ని చదివి వినిపిస్తారని చెప్పారు. నాది చదివితే ఒక్కటి చూసుకోండి బాబూ. మా బాయిలర్ షాపు వాళ్ళందరూ ఎడమ పక్క గోడవారగా కూర్చుంటారు. మా ఆయన కూడా అక్కడే ఉంటాడు. చదివేవారు కాస్త వాళ్ళకి ఎదురుగా నిలబడి, గట్టిగా, నోరు కనబడేలాగ చదవండి. తప్పులు వస్తే ఆగి దిద్దకండి, అలాగే చదివేయండి. ఒత్తులు, దీర్ఘాలు పోయినచోట చదువు లేనిదని నన్ను క్షమించండి.